నాన్న నోటుబుక్కూ, మ్యూనిక్ మేయరూ

మా నాన్న దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు. అట్ట మీద ఆయన పేరు, దాని కింద "కంప్యూటరు" అని రాసి ఒక గీత. 2005లో తణుకులో మా ఇంటికి కంప్యూటరు వచ్చినప్పుడు ఆయనకి యాభై ఆరేళ్ళు. ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటు దాకా వచ్చిన మనిషి కాబట్టి, ఏ పనికైనా ఒక ఫైలుండాలి ఆయనకి. నేను హైదరాబాదు నుంచి వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పనీ నేర్చుకుని, చేసిందంతా వరసగా రాసుకునేవారు. అదీ ఆఫీసు భాషలో. "కింద ఎడమ పక్క ఆకుపచ్చ బొత్తాము ఒకసారి నొక్కవలెను. తెల్లని పలక పైకి లేచును." "నీలి రంగు ఇ బొమ్మను రెండుసార్లు గబగబా నొక్కవలెను. నెమ్మదిగా నొక్కిన పని జరగదు." పక్కన పెన్సిలుతో బొమ్మలు కూడాను. రెండేళ్ళలో నలభై పేజీలు నిండాయి.

అప్పట్లో నాకు లినక్సు పిచ్చి ముదిరి పాకాన పడి ఉంది. ఉబుంటు వాళ్ళు అడిగితే చాలు, పైసా తీసుకోకుండా సీడీలు పోస్టులో పంపేవారు. తెప్పించి కనబడ్డవాడికల్లా పంచేవాణ్ణి. 2008 సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న ఎక్స్‌పీ నిండా వైరస్సులు. ఎవరో పెన్‌డ్రైవు పెట్టి అంటించి పోయారు. ఇదే అదను అనుకుని, కనుమ నాడు మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీస్తుంటే, డిస్కు మొత్తం తుడిచేసి ఉబుంటు ఎక్కించేశాను. (ఫైళ్ళు ముందే దాచాను లెండి, మరీ అంత దుర్మార్గుణ్ణి కాదు.) పైగా మన భాష కదా అని మెనూలు తెలుగులో పెట్టాను. సగం తెలుగు, సగం ఇంగ్లీషు వచ్చాయి. లేచాక చూపిస్తే, "బావుందిరా, మట్టి రంగులో చల్లగా ఉంది" అన్నారు. నేను విజయగర్వంతో బస్సెక్కాను.

మే నెలలో మళ్ళీ వెళ్తే కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది.

అమెరికాలో ఉన్న మా అక్కకి అప్పుడు ఏడో నెల. అంతకు ముందు ప్రతి ఆదివారం పొద్దున్నే నాన్నా, తనూ యాహూ మెసెంజర్లో మాట్లాడుకునేవాళ్ళు. నేను పెట్టిన దాంట్లో యాహూ ఐడీతో టైపు చేసుకోవచ్చు గానీ గొంతు వినబడదు. అది నాకు తెలుసు కూడా. టైపు చేసుకుంటారులే అనుకున్నాను. నాలుగు నెలలుగా ఆయన వీధి చివర నెట్ సెంటరుకి నడిచి వెళ్ళి, గంటకి పదిహేను రూపాయలిచ్చి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, గేములాడుకునే కుర్రాళ్ళ మధ్యలో కూర్చుని కూతురితో మాట్లాడుతున్నారట. ఉత్తరాలు రాసుకోవడం కూడా మానేశారు. నోటుబుక్కులో "సేవ్ అను మాటపై నొక్కవలెను" అని ఉంది, తెర మీద చూస్తే "భద్రపరచు" అని ఉంది. ఆకుపచ్చ బొత్తాము అసలే లేదు. ఇదంతా నాకు అమ్మ చెప్పింది. నాన్న చెప్పలేదు. "నువ్వంత కష్టపడి పెట్టావు, బాధ పడతావని" అంది.

మామూలు జనం ఆపరేటింగ్ సిస్టం ఎందుకు మార్చరు? (నిర్వహణ వ్యవస్థ అనాలంటారు గానీ, అలా అంటే మా ఆఫీసులోనే ఎవడికీ అర్థం కాదు.) ఈ ప్రశ్నకి మా సాఫ్టువేరు వాళ్ళ దగ్గర జవాబులు రెడీగా ఉంటాయి. బద్ధకం, భయం, తెలియకపోవడం, మైక్రోసాఫ్టు గుత్తాధిపత్యం. నేనూ చాలా ఏళ్ళు అవే వల్లించాను. చివరి దాంట్లో నిజం లేకపోలేదు. కానీ ఈ నలభై ఏళ్ళ చరిత్రలో జనం ఎప్పుడెప్పుడు మారారు, ఎప్పుడెప్పుడు మారమన్నారు అని చూసుకుంటూ వస్తే, మిగిలిన మూడూ మనం మన సౌకర్యం కోసం కల్పించుకున్నవేమో అనిపిస్తుంది.

ముందు మైక్రోసాఫ్టు గొడవే తేల్చుకుందాం. ఇవాళ మనం విండోసునీ, ఆఫీసునీ జనానికి పట్టిన అలవాటు అంటున్నాం గానీ, ఒకప్పుడు వాళ్ళే బయటివాళ్ళు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 డాస్ మీద లెక్కల పద్దులకి ఏకచ్ఛత్రాధిపతి. ఉత్తరాలకి వర్డ్‌స్టార్, ఆ తరవాత వర్డ్‌పర్‌ఫెక్ట్. వీటిలో పనంతా మీటల మీదే. లోటస్‌లో ఏటవాలు గీత మీట నొక్కితే మెనూ వచ్చేది. అకౌంటెంట్ల వేళ్ళకి అది శ్వాస తీసుకున్నంత సహజం. అలాంటివాళ్ళని ఎక్సెల్ వైపు లాగాలంటే మైక్రోసాఫ్టు ఏం చేసింది? మీ లోటస్ పాతబడిపోయింది, మాది నేర్చుకోండి అనలేదు. ఎక్సెల్లో కూడా ఆ ఏటవాలు గీత నొక్కితే మెనూ వచ్చేట్టు పెట్టింది. లోటస్ వాళ్ళ కోసం విడిగా సహాయం, వర్డ్‌లో వర్డ్‌పర్‌ఫెక్ట్ వాళ్ళ కోసం విడిగా సహాయం పెట్టింది. ఇంకా విచిత్రం ఏమిటంటే లోటస్‌లో ఒక తప్పుండేది. 1900 లీపు సంవత్సరం కాదు, కానీ లోటస్ అవునని లెక్కేసేది. పాత ఫైళ్ళలో తేదీలు తేడా రాకూడదని మైక్రోసాఫ్టు ఆ తప్పుని కూడా తెలిసి తెలిసి ఎక్సెల్లో పెట్టింది. విండోస్ ఎక్సెల్లో ఇవాళ్టికీ ఒక గడిలో 60 అని కొట్టి, తేదీగా చూపించమనండి. 1900 ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. అసలు లేని రోజది!

విండోస్ 95 తయారుచేసేటప్పుడు సిమ్‌సిటీ అనే ఆటలో ఒక లోపం బయటపడిందట. ఆ ఆట తాను వదిలేసిన మెమరీనే మళ్ళీ వాడేసుకునేది. పాత విండోసులో అది ఎలాగో గడిచిపోయేది, కొత్తదాంట్లో గడవదు. తప్పు ఆట రాసినవాళ్ళది. అయినా విండోస్ వాళ్ళు ఈ ఆట నడుస్తోందా అని చూసుకుని, నడుస్తుంటే మెమరీ వ్యవహారం కాస్త మెతగ్గా ఉండేలా ప్రత్యేకంగా కోడు రాశారు. జోయెల్ స్పోల్‌స్కీ 2004లో రాసిన ఒక వ్యాసంలో ఈ కథ చెప్పాడు. అప్పట్లో చదివి, ఛీ ఇదేం చెత్త ఇంజనీరింగ్ అనుకున్నాను. ఇప్పుడు మాత్రం, ఎవడో పిల్లాడు విండోస్ 95 కొనుక్కుని ఇంటికెళ్ళి తన ఊరు కట్టుకుందామని సిమ్‌సిటీ తెరిచే దృశ్యం కనిపిస్తుంది. వాడికి ఆట తెరుచుకోకపోతే తిట్టేది ఆటని కాదు, కొత్తగా వచ్చిన విండోసుని.

ఐబీఎం పరిశోధకులు జాన్ కారల్, మేరీ బెత్ రాసన్ 1987లోనే ఈ సంగతి మీద ఒక పేపరు రాశారు. జనం మాన్యువల్ చదవరు. నేర్చుకోవడానికి కంప్యూటరు ముందు కూర్చోరు, పని చేసుకోవడానికి కూర్చుంటారు. ఒక దారి దొరికితే, అది చుట్టుదారైనా సరే, దాన్నే పట్టుకుని పోతారు. ఇంతకంటే మంచి దారుందని చెప్పినా వినరు, ఎందుకంటే ఆ మంచి దారి నేర్చుకునే గంటసేపూ ఇవాళ్టి పని ఆగిపోతుంది. చదివితే మా నాన్న గురించే రాసినట్టుంటుంది. ఆయన నోటుబుక్కు బద్ధకస్తుడి పుస్తకం కాదు. రెండేళ్ళ చదువు అది. దాన్ని నేను ఒక కునుకు సమయంలో చిత్తుకాగితం చేశాను.

అసలు లినక్సు దాకా ఎందుకు, మైక్రోసాఫ్టు తన జనాన్ని తానే కదపలేక నానా యాతనా పడింది. ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వచ్చింది. దాని తరవాతిది విస్టా, 2007 జనవరిలో జనం చేతికొచ్చింది. ఆ మరుసటేడు, ఎక్స్‌పీ అమ్మకం ఆపొద్దు మహాప్రభో అని ఇన్ఫోవరల్డ్ పత్రిక పెట్టిన అర్జీ మీద 2 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ఒక వస్తువు కొత్త రకం వచ్చిందంటే పాతదే అమ్మండని జనం సంతకాలు సేకరించడం మీరెప్పుడైనా విన్నారా? 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు ఆపేసే నాటికి కూడా ప్రపంచంలో నాలుగో వంతు కంప్యూటర్లు దాని మీదే ఉన్నాయని అప్పటి సర్వేల లెక్క. మన దేశంలో ఏటీఎంల సంగతి ఇంకా కామెడీ. ఇంకా ఎక్స్‌పీ మీదే నడుస్తున్న ఏటీఎంలని 2019 జూన్ లోగా దశలవారీగా మార్చి తీరాలని 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇవ్వాల్సొచ్చింది. మద్దతు ఆగిపోయిన నాలుగేళ్ళ తరవాత!

2012 అక్టోబరులో విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్టు బొత్తాం పీకేశారు. ఒక్క బొత్తాం. ఏడాది తిరిగేసరికి 8.1లో బొత్తాం తిరిగొచ్చింది, 2015లో విండోస్ 10తో మెనూ కూడా తిరిగొచ్చింది. కొన్ని వేల మంది ఇంజనీర్ల శ్రమ ఆ మూలనున్న చిన్న బొత్తాం దగ్గర ఓడిపోయింది. నాకైతే ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. మా ఇంటి నోటుబుక్కులో మొదటి పేజీ మొదటి వాక్యం ఆ బొత్తామే కదా.

ఇక్కడ మన దేశం మాట ఒకటి చెప్పుకోవాలి. లినక్సు ఉచితం, ఉచితం అని మేం ఊరూరా చాటేవాళ్ళం. వినేవాళ్ళు అమాయకంగా చూసేవాళ్ళు. ఎందుకంటే వాళ్ళకి విండోస్ కూడా ఉచితమే. కంప్యూటరు అసెంబుల్ చేసిచ్చిన కుర్రాడు ఎక్స్‌పీ, ఆఫీసు, ఫోటోషాప్, నాలుగు సినిమాలు కలిపి వేసిచ్చేవాడు. స్వేచ్ఛ అనే వాదం చేశామా, ఇప్పుడు మాకేం స్వేచ్ఛ తక్కువైంది బాబూ అనేవాళ్ళు. మా ఆయుధాలు రెండూ తుస్సుమనేవి.

2007 చివర్లో ఆసుస్ కంపెనీ ఈ-పీసీ అని అరచేతి పుస్తకమంత లాప్‌టాప్ తెచ్చింది. చవక, లోపల లినక్సు. మా గుంపులో పండగ. ఇంక చూస్కోండి, ఈ ఏడాదే లినక్సు ఏడాది అన్నాం. (ప్రతి ఏడాదీ అదే అనేవాళ్ళం.) మరుసటేడు ఎమ్మెస్సై కంపెనీ అమ్మకాల అధికారి ఒకాయన, లినక్సు పెట్టిన చిన్న లాప్‌టాప్‌లు విండోస్ వాటికంటే నాలుగు రెట్లు ఎక్కువగా వెనక్కి వస్తున్నాయని చెప్పాడు. జనం కొంటున్నారు, ఇంటికెళ్ళి తెరుస్తున్నారు, ఇదేమిటిలా ఉంది అని తిరిగి ఇచ్చేస్తున్నారు. మేం అబద్ధం అని అరిచాం. 2009లో డెల్ వాళ్ళు మా దగ్గర అలాంటి తేడా ఏం లేదని కూడా అన్నారు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. తాను కొంటున్నది ఏమిటో తెలిసి కొన్నవాడు ఉంచుకుంటాడు. తెలియకుండా కొన్నవాడికి అది మోసంలా కనిపిస్తుంది. మోసం చేసే ఉద్దేశం అమ్మినవాడికి లేకపోయినా సరే. మైక్రోసాఫ్టు మాత్రం అవకాశం చూసి, ఆ చిన్న మిషన్ల కోసం చనిపోబోతున్న ఎక్స్‌పీ ఆయుష్షు పెంచి చవకగా ఇచ్చింది. ఆ సంబరం అక్కడితో సరి.

ఇక మ్యూనిక్. ఈ విషయం మీద ఇంతకంటే పెద్ద కథ ఇంకోటి లేదు. 2003లో ఆ నగరపాలక సంస్థలో 14 వేల కంప్యూటర్లుండేవి, ఎక్కువ భాగం విండోస్ ఎన్‌టీ 4 మీద. ఎన్‌టీకి మద్దతు ఆగిపోతోంది కాబట్టి ఎలాగూ ఏదో ఒకదానికి మారాలి. లినక్సుకి మారదామన్న ఆలోచన తెలిసి, మైక్రోసాఫ్టు అధిపతి స్టీవ్ బామర్ మంచులో జారే ఆట సెలవు మధ్యలో వదిలేసి, స్విట్జర్లాండు నుంచి పరుగున వచ్చి మేయర్ క్రిస్టియన్ ఊడెని కలిశాడు. ధర 3 కోట్ల 66 లక్షల డాలర్ల నుంచి 2 కోట్ల 37 లక్షలకి దించారని అప్పటి పత్రికల్లో వచ్చింది. అయినా 2003 మే 28న నగర కౌన్సిల్ లినక్సుకే ఓటేసింది. ప్రాజెక్టు పేరు లీమక్స్. ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో స్వీట్లు పంచాను. నాకు మ్యూనిక్ ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు.

వాళ్ళు తెలివితక్కువగా ఏమీ చెయ్యలేదు. నాలాగా మధ్యాహ్నం కునుకులో కానిచ్చెయ్యలేదు. ముందు ఉన్న విండోస్ మీదే ఓపెన్ ఆఫీసు, ఫైర్‌ఫాక్స్ అలవాటు చేశారు. ఆ తరవాతే, 2006 నుంచి, కింద ఉన్న సిస్టం మార్చడం మొదలెట్టారు. తీరా దిగాక తెలిసింది, అసలు కొండ లినక్సు కాదని. ఒక్కో శాఖకీ దాని సొంత కంప్యూటరు విభాగం, సొంత పద్ధతులు, ఏళ్ళ తరబడి ఎవరెవరో రాసుకున్న వేల కొద్దీ ఫారాలు, ఉత్తరాల నమూనాలు, మాక్రోలు. ఫలానా మాక్రో ఎవరు రాశారో తెలియదు, రాసినాయన రిటైరైపోయాడు, కానీ అది లేకపోతే కుక్కల లైసెన్సు ఉత్తరం బయటికి రాదు (ఈ కుక్కల ఉదాహరణ నాదే, ఏ ఆఫీసైనా ఇంతే). వీటన్నిటినీ దారికి తేవడానికి వోల్‌మక్స్ అని వాళ్ళే ఒక సాఫ్టువేరు రాసుకుని, 2008లో దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. 2013 చివరికి దాదాపు 15 వేల కంప్యూటర్లు మారాయి. అనుకున్నదానికంటే ఏళ్ళు ఆలస్యం. అయినా విండోసుతో పోలిస్తే కోటి యూరోలకి పైగా మిగిలిందని 2012లోనే లెక్క చూపించారు.

2014లో మేయర్ మారాడు. డీటర్ రైటర్ వచ్చాడు, ఉద్యోగులు ఇబ్బంది పడుతున్నారన్న మాటలు మొదలయ్యాయి. 2015లో ఇద్దరు కౌన్సిలర్లు మేయర్‌కి ఉత్తరం రాశారు. మాకిచ్చిన లాప్‌టాప్‌లలో స్కైప్ లేదు, మామూలు ఆఫీసు ప్రోగ్రాములు లేవు, మేం వేసుకుందామంటే అనుమతి లేదు అని. చూడండి, ఇందులో అనుమతి సంగతి లినక్సు తప్పు కాదు. విండోస్ ఉన్నా పెద్ద ఆఫీసుల్లో అనుమతి ఇవ్వరు. కానీ తిట్టు మాత్రం లినక్సుకే పడింది. 2016లో బయటి సలహాదార్ల నివేదిక వచ్చింది. అదే ఏడు మైక్రోసాఫ్టు తన జర్మనీ ముఖ్య కార్యాలయాన్ని శివారు నుంచి మ్యూనిక్ నగరంలోకే మార్చింది. దాన్ని పట్టుకుని పుట్టిన అనుమానాలు అన్నీ ఇన్నీ కావు. 2017 నవంబరులో కౌన్సిల్ ఓటేసి, 29 వేల దాకా కంప్యూటర్లకి విండోస్ 10 పెట్టాలని తేల్చింది. ఖర్చు దాదాపు 5 కోట్ల యూరోలు. 2020లో మళ్ళీ కొత్త కూటమి వచ్చి, వీలైన చోటల్లా ఓపెన్ సోర్సే అంది. ఇంక ఆ కథ అలా సాగుతూనే ఉంది.

మావాళ్ళు ఇదంతా రాజకీయం అంటారు. అవతలివాళ్ళు ఇదంతా సాంకేతిక వైఫల్యం అంటారు. ఇద్దరూ ఆ గుమాస్తా కుర్చీలో ఒక్క పూట కూర్చోలేదేమో అని నా అనుమానం. బయటి నుంచి ఎవరో వర్డ్‌లో ఫారం పంపుతారు, ఇక్కడ తెరిస్తే గీతలు పక్కకి జరిగి ఉంటాయి. తప్పు ఎవరిదైనా ఎదురుగా నిలబడ్డ మనిషి కసురుకునేది గుమాస్తాని. అంతకు ముందు విండోసులో ఇలాంటివి రాలేదా? బోలెడు వచ్చాయి. కానీ విండోస్ ఆగిపోతే వాన కురిసినట్టు. ఎవరినీ తిట్టం, గొడుగు వెతుక్కుంటాం. కొత్తది ఆగిపోతే మాత్రం అది తెచ్చిపెట్టిన మనిషొకడు కళ్ళముందుంటాడు. మార్చినవాడే ముద్దాయి. మా ఇంట్లో ఆ ముద్దాయిని నేను. పైగా బెయిలు మీద హైదరాబాదు పారిపోయాను.

హార్వర్డులో జాన్ గూర్విల్ అనే మార్కెటింగ్ ప్రొఫెసరు 2006లో ఒక లెక్క చెప్పాడు. జనం తమ చేతిలో ఉన్నదాని విలువని మూడు రెట్లు ఎక్కువ చేసి చూస్తారు, కొత్తది తయారుచేసినవాడు తన దాని విలువని మూడు రెట్లు ఎక్కువ చేసి చూస్తాడు, వెరసి ఇద్దరి మధ్యా తొమ్మిది రెట్ల దూరం అని. లెక్క పట్టుకుని వేలాడక్కర్లేదు గానీ, రెండో సగం చదివినప్పుడు నాకు కనుమ నాటి మధ్యాహ్నం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

అదే కాలంలో ఫ్రాన్సులో జాండార్మరీ (అక్కడి పల్లెలూ, చిన్న ఊళ్ళూ చూసుకునే పోలీసు దళం) ఇదే పని చేసి నెగ్గుకొచ్చింది. 2005 ప్రాంతంలో ఓపెన్ ఆఫీసు, ఆ తరవాత ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్, వీటన్నిటికీ చేతులు అలవాటు పడ్డాక 2008 నుంచి ఉబుంటు. 2013 సెప్టెంబరుకి 37 వేలు, తరవాతి ఏళ్ళలో 70 వేలు దాటాయి. వాళ్ళ అధికారి ఒకాయన 2009లో చెప్పిన కారణం నాకు భలే నచ్చింది. ఎక్స్‌పీ నుంచి విస్టాకి వెళ్ళాలన్నా కొత్తగా శిక్షణ ఇవ్వాల్సిందే, ఉబుంటుకి వెళ్తే పెద్ద తేడాలు రెండే, ఐకన్లూ ఆటలూ, మాకు ఆటలు ముఖ్యం కాదు అని. పోలీసులు కాబట్టి ఆజ్ఞ అంటే ఆజ్ఞ, అది వేరే సంగతి. కానీ గమనించండి, రోజూ నొక్కే బొత్తాలు ముందే మార్చేశారు, అదీ ఒక్కొక్కటిగా. కింద సిస్టం మారిన రోజున మార్చడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

మ్యూనిక్ మాక్రోలు చూసి నవ్వుకునే ముందు మన తెలుగు అచ్చు ప్రపంచం కూడా చూసుకోవాలి. మనకి యూనికోడు 1991లోనే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. తరవాత లేఖిని లాంటివి వచ్చి నాలాంటివాళ్ళం హాయిగా రాసుకున్నాం. కానీ పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు తయారయ్యే డీటీపీ షాపుల్లో? పేజ్‌మేకరు, అను ఫాంట్లు. పేజ్‌మేకరు చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబీ ఇంక దీన్ని ముందుకి తీసుకెళ్ళం అనేసింది. అయినా ఆ తరవాత ఎన్నో ఏళ్ళు మన షాపుల్లో అదే రాజ్యమేలింది. ఎందుకంటే అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, లోపల నిజానికి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద తెలుగు బొమ్మలు అతికించిన ఏర్పాటు. ఆ ఫాంటు లేకుండా తెరిస్తే పిచ్చిగీతలే. ఇరవై ఏళ్ళ పుస్తకాలు, పంచాంగాలు, పాత శుభలేఖలు అన్నీ ఆ రూపంలో ఉన్నాయి. పేజ్‌మేకరుకి యూనికోడు తెలియదు. దాని తరవాతి ఇన్‌డిజైన్‌కి మన లిపులు సరిగ్గా కూర్చడం వచ్చేసరికి 2012 అయింది. అన్నిటికీ మించి ఆపరేటరు వేళ్ళు. పేజీకింత అని లెక్కగట్టి ఇచ్చే పనిలో, మీటల వరస మారితే మొదటి నెల కూలి సగానికి పడిపోతుంది. ఆ నెల ఇంటి అద్దె మీరు కడతారా, నేను కడతానా? యూనికోడు గొప్పతనం గురించి నేను ఒక షాపాయనకి అరగంట చెప్తే, అంతా విని, "అన్నీ బానే ఉన్నయ్ సార్, రేపు పొద్దున్నకి ఈ కార్డు ఇవ్వాలి" అన్నాడు. ఇంగ్లీషు టైపు మిషను మీటల వరస సంగతీ ఇంతే. 1936లో డ్వోరక్ వేరే వరసకి పేటెంటు తెచ్చుకున్నాడు. అది నిజంగా మెరుగా కాదా అని ఆర్థికవేత్తలు 1980ల్లో, 90ల్లో కొట్టుకున్నారు. మెరుగో కాదో, వేళ్ళు మాత్రం కదల్లేదు.

మరి అసలు నోటుబుక్కే లేనివాళ్ళ సంగతి? కేరళ బడుల్లో ఐటీ@స్కూల్ పథకం 2001లో మొదలైంది, కొద్ది ఏళ్ళలోనే పూర్తిగా లినక్సు వైపు వచ్చేసింది. 2 లక్షలకి పైగా బడి కంప్యూటర్ల మీద అదే. అక్కడ ఐదో తరగతి పిల్ల లినక్సు కష్టం అనదు. అది లినక్సు అని ఎవరైనా చెప్తే తప్ప తనకి తెలియదు, కంప్యూటరంటే అంతే. ఫోన్ల సంగతి మరీను. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చింది, దాని అడుగున ఉన్నది లినక్సే. ఎవరూ ప్రచారం చెయ్యలేదు, ఎవరూ సీడీలు పంచలేదు. ఇరవై ఏళ్ళు మేం గొంతు చించుకున్నా కదలని జనం, ఐదారేళ్ళలో కోట్ల కొద్దీ లినక్సు వాడకందార్లైపోయారు. ఎందుకంటే ఎవరి దగ్గరా దాని తాలూకు పాత నలభై పేజీలు లేవు. ఎవరూ ఏదీ పారెయ్యక్కర్లేదు.

2008 మే నెలలో నేను చేసిన పని చిన్నది. ఎక్స్‌పీ మళ్ళీ ఎక్కించాను. ఆకుపచ్చ బొత్తాం తిరిగొచ్చింది. నాన్న నోటుబుక్కు తీసి మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటీ చేసి చూసుకుంటూ పెన్సిలుతో టిక్కులు పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున్న అక్క గొంతు వినిపించింది. ఉబుంటు గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

తరవాత 2016లో ఆయనకి విండోస్ 10తో కొత్త కంప్యూటరు కొన్నాను. ఈసారి బుద్ధొచ్చి, రెండు రోజులు సెలవు పెట్టి, పక్కన కూర్చుని, నోటుబుక్కులో ఏ పేజీ ఎలా మారిందో రాయించాను. ఫోను సంగతులు ఆయన వెనక వైపు నుంచి రాసుకుంటూ వచ్చారు. ఇప్పుడు ముందు పేజీలూ, వెనక పేజీలూ మధ్యలో కలుసుకోబోతున్నాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి కూడా మద్దతు ఆగిపోయింది. ఆయన కంప్యూటరు విండోస్ 11కి పనికిరాదని అదే తెర మీద చెప్పేసింది. మొన్న వెళ్ళినప్పుడు ఉన్న దారులన్నీ చెప్పాను. ఏడాది పాటు పొడిగించుకోవచ్చు, కొత్తది కొనచ్చు, లేదా లినక్సు పెట్టచ్చు అని. చివరిది కొంచెం నసుగుతూనే అన్నాను.

డెబ్భై ఆరేళ్ళ మా నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాసేపు ఆలోచించారు. దాంట్లో ఇప్పుడు గొంతు వినబడుతుందా అని అడిగారు. వినబడుతుంది నాన్నా, బొమ్మ కూడా కనబడుతుంది అన్నాను.

"అయితే పెట్టు చూద్దాం. కానీ నేను పడుకున్నప్పుడు చెయ్యకు" అన్నారు.